గింజలో తాళం, మీటరు మీద బొట్టు

మొక్కజొన్నలో భాస్వరం ఉంది గానీ కోడికి అందదని నాకు మొదట చెప్పినవాడు చంద్రప్ప. పీణ్య పారిశ్రామిక వాడలో మేము పనిచేసిన కోళ్ళ దాణా మిల్లులో అతను ఆవిరి యంత్రం నడిపేవాడు. ఆ రోజు ఎంజైములు అమ్మే కంపెనీ మనిషి ఒకాయన చిన్న డ్రమ్ము తీసుకొచ్చి, మా టెక్నికల్ మేనేజరు ప్రసాదరావు గారి గదిలో చాలాసేపు మాట్లాడాడు. డ్రమ్ము లోపల పెట్టడానికి వెళ్ళిన చంద్రప్ప తలుపు దగ్గరే నిలబడి అంతా విని, నేరుగా నా ల్యాబుకి వచ్చాడు.

"అక్కా, గింజలో భాస్వరానికి బీగం వేసి ఉండాదంట. కోడి దగ్గర బీగంచెవి లేదంట. తిన్నది తిన్నట్టే రెట్టలో పోతాదంట. ఆ డ్రమ్ములో ఉండేవి బీగంచెవులే," అన్నాడు.

నేను నవ్వాను. అప్పటికే ఎన్నో ఏళ్ళుగా దాణాలో భాస్వరం కొలుస్తున్నదాన్ని. నాకు తెలియనిది ఇతనికెట్లా తెలుస్తుందన్న చిన్న గర్వం ఉండేది. సాయంత్రం ప్రసాదరావు గారిని అడిగితే, "చంద్రప్ప నాకంటే బాగా చెప్పాడు, సావిత్రమ్మా," అన్నారు.

ఈ మధ్య మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఎంజైముల కంపెనీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ఈ పని నిజంగా ఎట్లా ఉంటుందో రాసిపెట్టమని అడిగింది. నేను ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కానో రాయను, అది ఎవరికీ పనికిరాదు. ఒక్క దసరా తర్వాత జరిగింది రాస్తాను. నా చేతి పొరపాటు వల్ల చంద్రప్ప ఉద్యోగం పోయే దాకా వచ్చింది. నేను నేర్చుకున్నదంతా అందులోనే ఉంది.

బడి లేని చదువు

నేను బడికి వెళ్ళలేదు. మా ఇంట్లో ఆడపిల్లల్ని పంపే అలవాటు లేదు. అమ్మ వంటింటి గడప దగ్గర పలక పెట్టి తెలుగు, లెక్కలు నేర్పింది. పెద్దనాన్న కన్నడ పేపరు, ఇంగ్లీషు పేపరు పక్కపక్కన పెట్టి చదివించేవాడు. స్తోత్రాలు అమ్మ నోట విని వచ్చినవే. పరీక్షలు ప్రైవేటుగా రాసి, మిల్లు ల్యాబులో గాజు సీసాలు కడిగే పనికి చేరాను. కడుగుతూ కడుగుతూ సీసాల్లో ఏం జరుగుతోందో చూశాను. ప్రసాదరావు గారు చూడనిచ్చారు. ఆయన దేవుణ్ణి నమ్మేవారు కాదు. కానీ ఒక మనిషికి తెలుసుకోవాలని ఉంటే అడ్డం రాకూడదని గట్టిగా నమ్మేవారు. ఆయన్ని నాకు బాసుగా ఇచ్చినందుకు ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఒక నమస్కారం అదనంగా పెడతాను. ఆయనకి తెలిస్తే విసుక్కుంటారు.

ఒక సంగతి దాచను. చేతిలో డిగ్రీ లేనివాళ్ళకి లోపల ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. ఒక్క తప్పు బయటపడితే, ఈమె ఇక్కడ ఉండాల్సిన మనిషి కాదు అంటారేమోనని. ఈ భయం ముందు ముందు వస్తుంది.

నిప్పుకి తెలిసింది

కోడిపిల్ల ఎముక గట్టిపడాలంటే సున్నం, భాస్వరం రెండూ కావాలి. మొక్కజొన్నలో, సోయా చెక్కలో, తవుడులో భాస్వరం బాగానే ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్ అనే రూపంలో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పే ఎంజైము, ఫైటేజ్, కోడి పేగులో చాలినంత లేదు. అందుకని మిల్లులు డీసీపీ అనే ఖనిజపు పొడి విడిగా కలుపుతాయి. డ్రమ్ములో వచ్చింది ఫైటేజ్. టన్ను దాణాకి గుప్పెడు చాలు. అది వేస్తే గింజలోని భాస్వరమే అందుతుంది, డీసీపీ తగ్గించుకోవచ్చు, రెట్టలో పోయి చెరువుల్లో చేరే భాస్వరం కూడా తగ్గుతుంది.

గింజ ఎందుకు తాళం వేసుకుంటుందని ప్రసాదరావు గారిని అడిగాను. రేపు మొలకెత్తబోయే తన బిడ్డ కోసం దాచుకుంటుందన్నారు. నీళ్ళు తగిలిన రోజున తాళంచెవి తనే తయారు చేసుకుంటుందట. ఇంటికి వెళ్ళి, మర్నాటి వడపప్పు కోసం నానబోసిన పెసరపప్పు పక్కనే మొలకలకి కట్టిన మూట విప్పి చూశాను. ముప్పై ఏళ్ళుగా కడుతున్న మూట. ప్రతి గింజకీ చిన్న తెల్లటి ముక్కు. ఒక్కొక్క దాని లోపల ఎవరూ చెప్పకుండా ఒక తాళం తెరుచుకుంటోంది. చేతులు జోడించాలనిపించింది, జోడించాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది.

ఇంకోటి కూడా ఆ వారమే అర్థమైంది. మేము భాస్వరం కొలిచే పద్ధతి ఏమిటంటే, దాణాని ఫర్నేసులో కాల్చి బూడిద చేసి, ఆ బూడిదని ఆమ్లంలో కరిగించి, ఒక ద్రావణం కలుపుతాం. పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత. నిప్పు అన్ని తాళాలనీ కాల్చేస్తుంది కాబట్టి ముడిపడిందీ విడిగా ఉన్నదీ రెండూ ఒకే పసుపుగా కనిపిస్తాయి. కోడి కడుపులో నిప్పు లేదు. అంటే నేను ఇన్నేళ్ళు సంతకం పెట్టిన రిపోర్టులన్నీ నిప్పుకి తెలిసిన సంగతే చెప్పాయి, కోడికి తెలిసింది కాదు.

ఇది తెలిసి కూడా నేను తప్పు చేశాను. తెలియడం వేరు, పని చేసేటప్పుడు గుర్తుండడం వేరు.

కొత్త బాయిలరు

పెల్లెట్ దాణా చేసేటప్పుడు పిండికి ముందు ఆవిరి పట్టిస్తారు. వేడికి పిండి మెత్తబడి, అచ్చులోంచి గట్టి గుళికలుగా వస్తుంది. ఆ వేడి చూపించే మీటరు ఒకటి యంత్రం మీదే ఉంటుంది, గుండ్రటి అద్దం, లోపల ముల్లు. ముల్లు ఎక్కడ ఉండాలో చంద్రప్పకి తెలుసు. ఎంజైము వేడికి చచ్చిపోతుందని కూడా తెలుసు. మేము అప్పుడు వాడినది వేడిని తట్టుకునే పూత లేని రకం.

ఆ ఏడాది కొత్త బాయిలరు వచ్చింది. ఆయుధపూజ నాడు దాన్ని మొదలుపెట్టారు. మా మిల్లులో ప్రతి ఏడూ యంత్రాలకి బొట్లు పెట్టేది నేనే. స్తోత్రం వచ్చిన మనిషినని పనివాళ్ళే పిలిచేవాళ్ళు. మిక్సరుకి, లిఫ్టుకి, తూకం యంత్రానికి పెట్టుకుంటూ వచ్చి, ఆవిరి యంత్రం దగ్గర ఆగాను. బాయిలరుతో పాటే మార్చిన కొత్త మీటరు అద్దం తళతళా మెరుస్తోంది. యంత్రానికి ముఖం ఉందంటే అదే కదా అనిపించింది. గంధం దట్టంగా రాసి మధ్యలో కుంకుమ పెట్టాను.

చంద్రప్ప వెనక నుంచి, "అద్దం మింద వద్దక్కా, ముల్లు కనపడదు," అన్నాడు.

"పూజ బొట్టప్పా. తనంతట తాను రాలేదాకా తుడవకూడదు," అన్నాను.

అతను తల ఊపి వాల్వు వైపు తిరిగాడు. గంధానికి ఆవిరి తగిలింది, దాని మీద పిండి దుమ్ము పడింది, రెండు రోజుల్లో సిమెంటులా గట్టిపడింది. అది రాలలేదు.

అతను పాత అలవాటు ప్రకారం వాల్వు అన్నే తిప్పులు తిప్పేవాడు. పాత బాయిలరు ముసలిది, అన్ని తిప్పులకి కొంచెం ఆవిరే ఇచ్చేది. కొత్తది అన్ని తిప్పులకే చాలా ఎక్కువ ఇచ్చింది. పెల్లెట్లు గట్టిగా, నిగనిగలాడుతూ వచ్చాయి. ప్రసాదరావు గారు గుప్పిట్లోకి తీసుకుని, ఇన్నాళ్ళకి పెల్లెట్ అంటే ఇట్లా ఉందన్నారు. మేమందరం సంతోషించాం. అప్పటికే ఫార్ములాలో డీసీపీ తగ్గించేశాం, ఎంజైము తెరిచి ఇస్తుందన్న ధైర్యంతో.

గంగమ్మ బుట్ట

దొడ్డబళ్ళాపురం దగ్గర కొత్తగా షెడ్డు వేసుకున్న గంగమ్మ మా దాణా వాడేది. బ్రాయిలర్లు, మొదటి బ్యాచి. ఒక రోజు బస్సెక్కి మిల్లుకి వచ్చి, కోడిపిల్లలు లేవడం లేదని చెప్పింది. ఆఫీసులో వాళ్ళు షెడ్డు చలిగా ఉందేమో, నీళ్ళు బాగాలేవేమో అన్నారు. ఆ దాణా చూడమని నాకు కబురు పంపారు. నేను ఎప్పటిలాగే పరీక్ష చేశాను. పసుపు చిక్కగా వచ్చింది. ఎంజైము కూడా చూశాను, మిక్సరు దగ్గర తీసిన పిండిలో. అది కూడా సరిగ్గానే ఉంది. మిక్సరు మా ల్యాబు మెట్ల పక్కనే ఉండేది, శాంపిలు అక్కడ తీయడం సులువు, ఏళ్ళ తరబడి అక్కడే తీసేదాన్ని. దాణా బాగుందని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు గంగమ్మ మళ్ళీ వచ్చింది, మూత కట్టిన వెదురు బుట్టతో. ఈసారి ఆఫీసుకి పోలేదు, నేరుగా ల్యాబు బెంచి మీద బుట్ట పెట్టి మూత విప్పింది. లోపల రెండు వారాల పిల్ల ఒకటి మడమల మీద కూలబడి ఉంది. కళ్ళు చురుగ్గానే ఉన్నాయి. లేవాలని రెక్కలు ఆన్చుకుని చూసింది, కాళ్ళు రాలేదు.

"కాయితం మింద అంతా బాగుండాదని రాసినావంట కదా తల్లీ," అంది గంగమ్మ. "దీనికి చదివి చెప్పు. వింటే లేస్తాదేమో."

నాకు కోపం రావాలి, రాలేదు. పిల్లని చేతిలోకి తీసుకున్నాను. ముక్కు పట్టుకుంటే రబ్బరులా వంగింది. ముక్కు అట్లా వంగిందంటే ఎముకకి భాస్వరం అందలేదని అర్థం. పుస్తకంలో చదివాను, వేళ్ళకి తెలియడం అదే మొదటిసారి.

గంగమ్మ తెచ్చిన సంచిలోని పెల్లెట్లు నూరి, మా మిక్సరు పిండి పక్కన పెట్టి, రెంటికీ ఎంజైము పరీక్ష చేశాను. గొట్టాల్లో ఫైటేట్ ద్రావణం పోసి, ఒంటి వేడి అంత వెచ్చటి నీళ్ళలో ఉంచుతాం. ఎంజైము బతికి ఉంటే ముడి విప్పుతుంది, విడిపడ్డ భాస్వరానికి రంగు వస్తుంది. మిక్సరు పిండి గొట్టం పసుపు తిరిగింది. పెల్లెట్ల గొట్టం తెల్లగా, నీళ్ళలా, అట్లాగే ఉండిపోయింది. గంగమ్మ నా పక్కనే స్టూలు మీద కూర్చుని రెంటినీ చూసింది. వివరం అడగలేదు.

"ఇది చచ్చిపోయిందా," అని మాత్రం అడిగింది. అవునన్నాను.

కిందికి దిగి ఆవిరి యంత్రం దగ్గరికి వెళ్ళాను. తడిగుడ్డతో మీటరు అద్దం తుడిచాను. గంధం పెళ్ళలుగా ఊడింది. ముల్లు తొంభై దగ్గర ఉంది. ఎంజైము బతకాలంటే డెబ్బై ఐదు దాటకూడదు.

నోరు విప్పని మధ్యాహ్నం

ప్రసాదరావు గారు వెంటనే మూడు పనులు చేశారు. ఆవిరి తగ్గించారు, డీసీపీ పాత లెక్కకి పెంచారు, గంగమ్మకి ఆ రోజే కొత్త దాణా ఎక్కించి పంపారు. తర్వాత చంద్రప్పని పిలిచారు. నేను గదిలోనే ఉన్నాను, పరీక్ష కాగితం చేతిలో పట్టుకుని.

వేడి ఎందుకు చూడలేదని అడిగారు. కనపడలేదన్నాడు చంద్రప్ప. ఎందుకు కనపడలేదంటే, అద్దం మీద పూజ బొట్టు ఉండిందన్నాడు. ఎవరు పెట్టారని అడిగారు.

"నేనే పెట్టినా సార్."

నా వైపు చూడలేదు. నేను నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరవలేదు. డిగ్రీ లేని మనిషి భయం అని ముందు చెప్పానే, అదే నన్ను ఆపింది. ప్రసాదరావు గారు చంద్రప్పని రేపటి నుంచి రావద్దన్నారు. అతను టవలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ల్యాబుకి వచ్చి గొట్టాలు కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను.

ఇంటికెళ్ళి దీపం పెట్టి, రోజూ చదివే స్తోత్రం మొదలుపెడితే రెండో వరస రాలేదు. చిన్నప్పటి నుంచి వచ్చిన వరస. కుంకుమ భరిణె కనిపిస్తోంది ఎదురుగా. నేను పెట్టింది దేవుడి కోసమా, నాకు ముచ్చటేసినందుకా అని అడుగుతున్నట్టుంది. స్తోత్రం ఆపి లేచాను.

మర్నాడు మిల్లు తెరవకముందే ప్రసాదరావు గారి గది ముందు నిలబడ్డాను. ఆయన రాగానే, బొట్టు పెట్టింది నేనని, వద్దని చెప్పినవాడు చంద్రప్ప అని, తుడవకూడదని అన్నదీ నేనేనని చెప్పాను. శాంపిలు ఎప్పుడూ మిక్సరు దగ్గరే తీశానని, పెల్లెట్ దగ్గర ఒక్కసారీ తీయలేదని కూడా చెప్పాను. నన్నూ పంపేయమన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీ దేవుణ్ణి సంజాయిషీకి పిలవలేను గదా, సావిత్రమ్మా," అన్నారు. "పెల్లెట్లు మెరుస్తుంటే మురిసిపోయింది నేను. కొత్త బాయిలరుతో ఒక్క బ్యాచి కూడా పరీక్ష చేయించకుండా డీసీపీ తగ్గించేసింది నేను. మనిద్దరికీ బల్లలున్నాయి, అతనికి లేదు. అందుకని అతన్ని పంపాం." కళ్ళద్దాలు పెట్టుకుని, "వెళ్ళి పిలుచుకు రండి," అన్నారు.

నాకు తెలిసిన గొప్ప బాసు మాట ఇదే. చిన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి. తప్పు జరిగినప్పుడు అందరికంటే ముందు దొరికేది యంత్రం పక్కన నిలబడ్డవాడు. అంతమాత్రాన తప్పు అక్కడ మొదలైందని కాదు.

చంద్రప్ప ఇల్లు మిల్లు వెనక సందులోనే. వాకిట్లో కూర్చుని సైకిలు చైనుకి నూనె పెడుతున్నాడు. ఎందుకట్లా చెప్పావని అడిగాను. సారీ చెప్పాలని వెళ్ళి, కోప్పడుతున్నట్టు అడిగాను.

"నువ్వు పెట్టినావు, నేను తుడిచుండొచ్చు కదక్కా. రోజూ దాని ముందరే నిలబడేది నేను," అన్నాడు. "బొట్టు నీది. ముల్లు నాది."

అని, చేతులు తుడుచుకుని, చొక్కా వేసుకుని నాతో నడిచాడు. దారిలో నన్ను ఆట పట్టించాడు కూడా. నీ చెయ్యి మంచిదే అక్కా, వేడిలో కూడా రాలలే అన్నాడు. నేను ఏడుస్తూ నవ్వాను.

పిల్లలు లేచిన రోజు

వారం తర్వాత చంద్రప్పా నేనూ గంగమ్మ షెడ్డుకి వెళ్ళాం. అన్నీ దక్కలేదు, అబద్ధం చెప్పను. కాళ్ళు బాగా వంకర పోయినవి కొన్ని అట్లాగే మిగిలాయి, కొన్ని చచ్చిపోయాయి. కానీ చాలావాటికి ఇంకా టైము మించిపోలేదు. గంగమ్మ నేల మీద పోసిన వరిపొట్టు పైన గోనెసంచి పరిచి, బుట్టలో నా దగ్గరికి తెచ్చిన పిల్లనే దాని మీద దించింది. కాలికి ఎర్రదారం కట్టి ఉంచింది గుర్తుగా. అది మడమల మీద కాసేపు కూర్చుంది. తర్వాత, ఎవరూ అదిలించకుండానే, లేచింది. ఒక అడుగు వేసి ఆగి, ఇంకో అడుగు వేసి, మేత గిన్నె దాకా పోయి ముక్కు పెట్టింది. గట్టి ముక్కు, టక్కుటక్కుమంది.

ఆ చప్పుడు నేను ఇంకా వింటున్నాను. వారం కిందట గింజలోనూ రాతిపొడిలోనూ ఉన్నది ఇప్పుడు ఒక ప్రాణికి కాలై నిలబడింది. దీన్ని నేను ఎన్నో పేర్లతో రిపోర్టుల్లో రాశాను. ఆ రోజు ఏ పేరూ గుర్తు రాలేదు. గంగమ్మ నా మొహం చూసి, "ఇప్పుడు రాయి తల్లీ, బాగుండాదని," అంది.

అప్పటి నుంచి నా శాంపిలు మిక్సరు దగ్గర తీయలేదు. కోడి ముక్కుకి ఎంత దగ్గరగా తీస్తే అంత నిజం చెబుతుంది. సంచి కుట్టేముందు తీయండి, వీలైతే షెడ్డులో గిన్నెలోంచి తీయండి. ఎంజైము కొత్తది వచ్చినా, పూత ఉందని చెప్పినా, మీ వేడికి మీ పెల్లెట్‌లో బతికిందా అని మీరే చూడండి. సున్నపురాయి పొడి ఎక్కువ పడితే కూడా ఎంజైము సరిగ్గా పనిచేయదు, అది కూడా చూసుకోండి. దాన్ని చేసిన కంపెనీ అబద్ధం చెప్పిందని కాదు. వాళ్ళు మీ బాయిలరుని చూడలేదు.

ఒక గుడ్డ ముక్క

తర్వాతి ఆయుధపూజకి నేను బొట్టు పెట్టడానికి జంకాను. చంద్రప్పే వచ్చి పిలిచాడు. చేతిలో ఉతికిన తెల్లగుడ్డ ఉంది. ముందు తను అద్దం తుడిచాడు. తర్వాత నేను అద్దం చుట్టూ ఉన్న ఇనుప అంచు మీద, కింది వైపు, చిన్న బొట్టు పెట్టాను. ముల్లు బాగా కనిపిస్తోందో లేదో ఇద్దరం వంగి చూశాం. ఆ తర్వాత హారతి. మేమిద్దరం ఉన్నన్నాళ్ళూ అట్లాగే జరిగింది. పూజలో అది కూడా ఒక భాగమైపోయింది, మొదట తుడవడం.

నేను రిటైరై మహదేవపురలో మా తమ్ముడి ఇంటి పక్కన ఉంటున్నాను. చంద్రప్ప రెండేళ్ళ కిందట పోయాడు. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ గుడ్డ గురించి అడిగితే, కొత్త ఆపరేటరుకి ఇచ్చినానక్కా అన్నాడు. ఆ మిల్లులో ఇప్పుడు మీటర్లు లేవు, వేడి తెర మీద అంకెల్లో కనిపిస్తుందట. ఎంజైముని ఆవిరి అయిపోయాక, చల్లారిన పెల్లెట్ మీద చల్లుతున్నారట. మంచిదే. నేను రాసిన ఏ రిపోర్టులోనూ చంద్రప్ప పేరు లేదు. సంతకాలు పెట్టే చోటు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

అందుకని మీకు ఒక మనవి. మీ తెర మీద ఆ అంకె స్పష్టంగా కనపడ్డప్పుడు, దాన్ని చూస్తూ నిలబడ్డ మనిషి మీకు ఏదైనా వద్దని చెప్పినప్పుడు, ఆగి వినండి. విన్నాక ఒక్కసారి చంద్రప్పని తలుచుకోండి. గింజలో తాళం ఉందని నాకు మొదట చెప్పినవాడు అతనే.